ఈ బొమ్మలో సాయిబు ఎవరు?

విశాఖపట్నం మీద ఎవరు కేలండరు వేసినా అందులో ఒక బొమ్మ తప్పకుండా ఉంటుంది. ఓడరేవు మొగ దగ్గర పక్కపక్కనే మూడు కొండలు. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద ఇషాక్ మదీనా బాబా దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. రాస్ అనే దొర 1864లో ఇల్లు కట్టుకున్నాడు కాబట్టి చర్చి ఉన్న కొండకి రాస్ హిల్ అని పేరు. మాది మాత్రం దర్గా కొండ. కేలండరు కింద ‘భిన్నత్వంలో ఏకత్వం’ అని రాసి ఉంటుంది.

మేమూ ఆ బొమ్మ వేశాం. ఒకసారి కాదు, నూరుసార్లు వేసుంటాం. పెన్సిలుతో, బొగ్గుతో, బాల్ పెన్నుతో, అబ్బా డబ్బాల్లో అడుగున మిగిలిన ఎనామిల్ పెయింటుతో. మేమంటే ఇద్దరం, ఒక కడుపున పుట్టినవాళ్ళం. ఒకరు బొమ్మలేస్తే ఒకరు దాని కింద నాలుగు లైన్లు రాసేవాళ్ళం. ఎవరు ఏది చేసేవారన్నది ఇక్కడ అవసరం లేదు. మా ఇంట్లోనూ ఎవరూ పట్టించుకోలేదు. ‘ఈ గుంటలిద్దరూ కాగితాలు పాడుచేస్తారు’ అనేవారంతే.

మేం చెప్పాలనుకున్నది ఆ మూడు కొండల గురించి కాదు. కొండల మీద అందరూ చల్లగానే ఉంటారు. కొండ దిగాకే అసలు కథ మొదలవుతుంది.

మా అబ్బా పెయింటరు. చిత్రకారుడు కాదు, పెయింటరు. కాంట్రాక్టర్ల కింద ఓడలకి రంగులేసేవాడు. ఓడ పక్కన తాళ్ళతో కట్టి వేలాడదీసిన చెక్క మీద కూర్చుని, కింద నీళ్ళు, పైన ఇనప గోడ, మధ్యలో తాను. చేతిలో బ్రష్షు. తుప్పు గీకి, ఎర్ర రంగు కొట్టి, దాని మీద నల్ల రంగు కొట్టి, చివరికి ఓడ పేరు, ఊరు పేరు తెల్ల రంగుతో రాయాలి. అక్షరాలు అందంగా రాస్తాడని ఆ పని మేస్త్రీ అబ్బాకే ఇచ్చేవాడు. పనామా, మన్రోవియా, లిమాసోల్. మా అబ్బా మూడో క్లాసు దాటలేదు గానీ ప్రపంచంలోని రేవుల పేర్లన్నీ రాశాడు. సాయంత్రాలు పాత పోస్టాఫీసు దగ్గర చిన్న బంకులో బోర్డులు రాసేవాడు. కిరాణా షాపు, సైకిలు షాపు, మంగలి షాపు. తెలుగు, ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ నాలుగూ రాసేవాడు. ఒరియా బేరమొస్తే ఎవరైనా కాగితం మీద రాసిస్తే దాన్ని చూసి దించేవాడు.

ఓడ నడుం దగ్గర ఒక గుర్తుంటుంది. గుండ్రటి చక్రం, దాని మధ్యనుంచి అడ్డంగా గీత, పక్కన నిచ్చెన మెట్లలాగా చిన్న చిన్న గీతలు, వాటి పక్కన అక్షరాలు. ఎంత సరుకెక్కిస్తే ఓడ ఎంతవరకు మునగొచ్చో చెప్పే గుర్తు అది. వేసవి నీళ్ళలో ఇంత, ఉష్ణమండలం నీళ్ళలో ఇంత, చలికాలం నీళ్ళలో ఇంత అని లెక్క. ఇంగ్లండులో ప్లిమ్సాల్ అనే పార్లమెంటు సభ్యుడు పోట్లాడి పోట్లాడి 1876లో దాన్ని చట్టంలోకి ఎక్కించాడు. అంతకుముందు ఓడల యజమానులు మోయలేనంత సరుకెక్కించి, ఇన్సూరెన్సు చేయించి, కలాసీల్ని సముద్రం పాలు చేసేవాళ్ళు. ఇదంతా మేం చాలా ఏళ్ళ తర్వాత చదువుకున్నాం. అబ్బాకి ఈ చరిత్ర తెలీదు. ‘ఈ గీత తప్పితే మనుషులు సచ్చిపోతార్రా’ అని మాత్రం తెలుసు. పేరు రాసేటప్పుడు మాట్లాడేవాడు, పాట పాడేవాడు. ఆ గుర్తుకి రంగేసేటప్పుడు మాత్రం ఊపిరి కూడా బిగబట్టేవాడట.

పని మొదలెట్టేముందు చెక్క మీదనుంచే దర్గా కొండ వైపు ఒకసారి చెయ్యెత్తేవాడు. పక్క చెక్క మీద అప్పన్న పేరు తలచుకునేవాడొకడు, సిలువ గుర్తు వేసుకునేవాడొకడు. ఎవరి గురించి ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు. తాడు తెగకూడదు, అంతే.

ఇంట్లో మాకు అడ్డు దాదీ. మనుషుల బొమ్మలు వేయకూడదనేది. ప్రాణం ఉన్నదాని బొమ్మ వేస్తే కయామత్ రోజున అల్లా ‘దీనికి ప్రాణం పొయ్యి’ అంటాడట. ‘జాన్ డాల్ సకతే క్యా తుమే?’ అని అడిగేది. పొయ్యలేం కదా. మరి ఎందుకు వేస్తారు? ఓడలెయ్యండి, చెట్లెయ్యండి, కొండలెయ్యండి, అల్లా పేరు ఎన్ని వంకర్లు తిప్పి రాసుకుంటారో రాసుకోండి. మనుషులొద్దు. చాలా బతిమాలితే ఒక సందు ఇచ్చింది. వేస్తే వెయ్యండి గానీ ‘ఆంఖాఁ నక్కో’. కళ్ళు లేకపోతే ప్రాణం లేనట్టే, పాపం తగ్గుతుందని ఆమె లెక్క. ఈ లెక్క ఏ మౌల్వీ చెప్పాడో, తనే కల్పించిందో మాకు తెలీదు. మేం పదేళ్ళు కళ్ళు లేని మనుషుల్ని గీశాం. చేపలమ్మే ఆవిడ, ఇడ్లీలమ్మే ఆవిడ, కంచరపాలెం గేటు దగ్గర రైలు కోసం ఆగిన సైకిళ్ళవాళ్ళు, ఎవరికీ కళ్ళుండవు. అలవాటైపోయింది. ఇప్పుడు చూస్తే వాళ్ళు వంగి పనిచేసుకుంటున్నట్టూ, మనవైపు చూడ్డానికి తీరికలేనట్టూ ఉంటారు.

దాదీ గురించి ఇంకో మాట చెప్పాలి. 1942 ఏప్రిల్ 6న జపానువాళ్ళు విశాఖ మీద బాంబులేసినప్పుడు ఊరు ఊరంతా ఖాళీ అయిపోయింది. చిన్నపిల్లగా ఉన్న దాదీని ఎత్తుకుని వాళ్ళవాళ్ళు అనకాపల్లి వైపు పారిపోయారు. కొన్ని వారాలకి తిరిగొచ్చారు. ‘అదే మేం ఊరు వదిలి ఎల్లడం, మళ్ళీ ఎల్లలేదు’ అనేది. 1947లో ఎవరు ఎటు వెళ్ళారో ఆమెకి తెలీదు. 1948 మార్చి 14న సింధియా యార్డులో ‘జల ఉష’ ఓడ నీళ్ళలోకి జారుతుంటే చూసిన జనంలో దాదా ఉన్నాడని మాత్రం తెలుసు. నెహ్రూ వచ్చాడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక మన చేతుల్తో కట్టుకున్న పెద్ద ఓడ అది. దాని ఇనప రేకుల్లో మా దాదా చెమట చుక్క కూడా ఉంది. పాకిస్తాన్ పొమ్మనేవాళ్ళు ఎదురుపడ్డప్పుడల్లా మాకు ఈ ఓడ గుర్తొస్తుంది.

ఇక 1992.

ఆ సంవత్సరం ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు ఉక్కు ఫ్యాక్టరీని జాతికి అంకితం చేశాడు. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అని రాష్ట్రమంతా లేచింది. 32 మంది ప్రాణాలు పోయాయి. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది, 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగింది. దానికి గోదావరి అని పేరు పెట్టారు. రెండోది కృష్ణ. నిప్పుకి నదుల పేర్లు పెట్టడం మాకు తెగ నచ్చింది. మా మామూకి అందులో ఉద్యోగం. మామూ మమ్మల్ని గాజువాక దాకా తీసుకెళ్ళి రాత్రిపూట ఆకాశంలో ఎర్రటి వెలుగు చూపించేవాడు. ‘లోపల బెంగాలోళ్ళు, బీహారోళ్ళు, మలయాళీలు, ఒరియావోళ్ళు అందరూ ఉన్నార్రా. అందరి నెత్తి మీదా ఒకటే టోపీ’ అనేవాడు. హెల్మెట్టు గురించి ఆ మాట. ఆ ఫ్యాక్టరీ కోసం లేచిపోయిన ఊళ్ళవాళ్ళు చాలామంది గేటు బయటే ఉండిపోయారన్నది కూడా మామూయే చెప్పాడు. అది చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవాడు.

అదే నెల స్వాతంత్ర్య దినానికి మా బళ్ళో బొమ్మల పోటీ పెట్టారు. అంశం జాతీయ సమైక్యత. ఆ అంశం మీద ఏ బొమ్మ వెయ్యాలో ఆంధ్రదేశంలో చదువుకున్న ప్రతి పిల్లకీ పిల్లాడికీ తెలుసు. వరసగా నలుగురు చేతులు పట్టుకుని నిలబడాలి. పంచె కట్టుకుని బొట్టు పెట్టుకున్నాయన హిందువు. తలపాగా, గడ్డం ఉంటే సిక్కు. సిలువ వేలాడుతుంటే క్రైస్తవుడు. లుంగీ, తెల్ల టోపీ, మీసం లేకుండా గడ్డం మాత్రమే ఉంటే ముస్లిం. వెనకాల జెండా. ముప్ఫై మంది పిల్లలు ముప్ఫై బొమ్మలు అలాగే వేశారు. ఆ నలుగురిలో ఆడది ఒక్కతి కూడా లేకపోవడం అప్పట్లో మాకూ తట్టలేదు.

మేం మాకు తెలిసిన సమైక్యత వేశాం. పెద్ద ఓడ. దాని పక్కన మూడు చెక్కలు వేలాడుతున్నాయి. మూడు చెక్కల మీదా బనీన్లు, చిరిగిన నిక్కర్లు వేసుకున్న ముగ్గురు, రంగులేస్తూ. మధ్యలో ఉన్నవాడు ఆ గుండ్రటి గుర్తు వేస్తున్నాడు. దూరంగా మూడు కొండలు. వెనక్కి తిరిగి ఉన్నారు కాబట్టి కళ్ళ గొడవ కూడా లేదు. కింద నాలుగు లైన్ల కవిత.

మాస్టారు చాలాసేపు చూశారు. మంచివారే, బొమ్మలంటే ఇష్టమున్నవారే. ‘బాగుందమ్మా. కానీ ఇందులో సాయిబు ఎవరు?’ అన్నారు.

మధ్యలో ఆయనండీ, మా అబ్బా అన్నాం.

‘ఎలా తెలుస్తాది? టోపీ ఎయ్యాలి కదా.’

ఓడ మీద టోపీ పెట్టుకోరండీ, గాలికి ఎగిరిపోద్ది అన్నాం. క్లాసంతా నవ్వింది. మాస్టారు కూడా నవ్వి, పెన్సిలు తీసుకుని, మా అబ్బా తల మీద చిన్న టోపీ గీసిచ్చారు. మాకు రెండో బహుమతి వచ్చింది. స్టీలు గ్లాసు.

ఆ టోపీని మేం ఇంటికొచ్చి రబ్బరుతో చెరిపాం. కాగితం చిరిగింది. ఆయన మీద కోపం లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆయన చేసింది చెడ్డపని అని చెప్పడానికి కూడా నోరు రాదు, మమ్మల్ని గుర్తుపట్టాలనే కదా ఆయన తాపత్రయం! కానీ మేం గుర్తుపట్టే మా అబ్బా ఒకడు, వాళ్ళు గుర్తుపట్టే మా అబ్బా ఒకడు. శుక్రవారం మధ్యాహ్నం గంటసేపు టోపీ పెట్టుకుంటాడు అబ్బా. వారంలో మిగతా గంటలన్నీ ఏమైపోవాలి?

నాలుగు నెలలు తిరక్కుండా డిసెంబరు 6. బాబ్రీ మసీదు పడిపోయింది. మా వీధిలో ఏమీ జరగలేదు, నిజంగా ఏమీ జరగలేదు. రాళ్ళు పడలేదు, ఎవరూ తిట్టలేదు. పక్కింటి అత్త ఎప్పట్లాగే నీళ్ళ దగ్గర అమ్మీకి వంతు ఆపింది. కానీ పెద్దవాళ్ళ మాటలు మేం వెళ్ళేసరికి ఆగిపోయేవి. దీనికి ఏం పేరు పెట్టాలో మాకు తెలీలేదు. అబ్బా పదిరోజులు బంకు తెరవలేదు. తెరిచాక బంకు మీద తన పేరున్న బోర్డు తీసేసి ‘ఆర్ట్స్’ అన్న మాట మాత్రం ఉంచాడు. ఊరందరి పేర్లూ రాసే మనిషి తన పేరు తానే తుడిచేసుకున్నాడు. మేం చూస్తూనే ఉన్నాం. ఆయనా ఏం చెప్పలేదు, మేమూ ఏం అడగలేదు.

మాకు కవిత్వం ఆ తర్వాత పట్టుకుంది. అంతకుముందు రాసేవి బొమ్మ కింద లైన్లే. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ 1991లోనే వచ్చింది గానీ మా చేతికి నాలుగైదేళ్ళు ఆలస్యంగా చేరింది. జిరాక్సు కాపీ, అంచులు నలిగిపోయి ఉంది. దాన్ని ఒకరి భుజం మీంచి ఒకరం చదివాం. మన గురించి తెలుగులో ఇలా రాయొచ్చా అని భయమేసింది ముందు. 1998లో స్కైబాబ సంపాదకత్వంలో ‘జల్‌జలా’ వచ్చింది. భూకంపం అని అర్థం. మా ఇంట్లో వాడే మాట పుస్తకం అట్ట మీద తెలుగు అక్షరాల్లో చూడ్డం అదే మొదలు. బళ్ళో చదివిన తెలుగు వేరు, వీధిలో మాట్లాడిన ఉత్తరాంధ్ర తెలుగు వేరు, ఇంట్లో మాట్లాడుకునే మాట వేరు. ఈ మూడింటినీ ఒక కాగితం మీద కూచోబెట్టొచ్చని ఆ పుస్తకాలు చెప్పాయి.

‘మీరు తెలుగు భలే మాట్లాడతారే!’ అని మమ్మల్ని మెచ్చుకోని మనిషి లేడు. ఈ మెచ్చుకోలు వెనకున్నదేమిటో మెచ్చుకునేవారికి తెలీదు. శ్రీశ్రీ పుట్టిన ఊళ్ళో పుట్టి మేం తెలుగు కాక ఏం మాట్లాడతాం? ఇక్కడికి నూటయాభై కిలోమీటర్ల లోపే పిఠాపురం. అక్కడ ఉమర్ ఆలీషా పద్యాలు రాశాడు, నాటకాలు రాశాడు, కేంద్ర శాసనసభలో సభ్యుడుగా కూర్చున్నాడు, 1945లో పోయాడు. కాకినాడలో ఇస్మాయిల్ ఫిలాసఫీ పాఠాలు చెప్పుకుంటూ చెట్ల మీద, పిట్టల మీద రాసుకున్నాడు. ఇరవైయేళ్ళ వయసులో మాకు ఇస్మాయిల్ మీద కోపం. చెట్టు గురించి రాస్తాడేం, మన గురించి రాయడేం అని. 2003లో ఆయన పోయారని పేపర్లో చూసిన రోజు ఆయన పుస్తకం మళ్ళీ తీసి చదువుకున్నాం. ‘నువ్వు ముస్లింవి కాబట్టి ముస్లింల మీదే రాయాలి’ అని మేం ఆయన్ని అడగడం, మాస్టారు అబ్బా నెత్తిన టోపీ గీయడం, ఈ రెండింటికీ పెద్ద తేడా ఏముంది? అలాగని ‘పుట్టుమచ్చ’ రాకపోయి ఉంటే మాకు నోరే వచ్చేది కాదు. ఈ తగువు మా ఇద్దరి మధ్యా ఇంకా తీరలేదు.

మాటల సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నాం. ఓడరేవు తెలుగులోంచి మా మాటలు తీసేస్తే పని ఆగిపోతుంది. లంగరు పార్శీ మాట. సరంగు పార్శీ నుంచి వచ్చినవాడే. కలాసీ అరబ్బీ. బందరు అంటేనే పార్శీలో రేవు. రేవు దాటి ఊళ్ళోకొస్తే తారీఖు, వకీలు, జమీను, దస్తావేజు, ఖరీదు. ఎవరూ వీటిని టోపీ పెట్టి చూడరు, తెలుగే అనుకుంటారు. అవి తెలుగే కూడా. ఊరి పేరుకి కూడా రెండు కథలున్నాయి. వైశాఖేశ్వరుడి గుడి ఉండేది, సముద్రం మింగేసింది, ఆ పేరే ఊరికి మిగిలిందని ఒక కథ. ఇషాక్ మదీనా బాబా పేరు మీద ఇసాకపట్నం అయిందని మరొకటి. పాత పట్నంలో రెండు కథలూ ఒకే నోట విన్నాం, చెప్పేవాళ్ళకి రెండిటికీ పేచీ ఉన్నట్టు తోచలేదు. మేం రెండిటి బొమ్మలూ వేశాం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. గంటకి సుమారు 180 కిలోమీటర్ల గాలి. ఊరు పచ్చదనం ఒక్క పూటలో ఊడ్చుకుపోయింది. ఆ తుపానుకి పేరిచ్చింది ఒమన్ దేశం. కరెంటు లేని ఆ రోజుల్లో పాలపేకెట్ల కోసం వరసలో నిలబడితే వెనకనుంచి ఒకాయన నవ్వుతూ ‘ఏటండీ, తుపాను కూడా మీ వోళ్ళదేనట?’ అన్నాడు. పరాచికానికే అన్నాడు. మేమూ నవ్వాం. ఇంటికొచ్చి కొవ్వొత్తి వెలుగులో హుద్‌హుద్ పిట్టని గీశాం. తల మీద విసనకర్ర లాంటి తురాయి, పొడుగాటి ముక్కు, రెక్కల మీద నలుపు తెలుపు చారలు. ఖురానులో సులేమాన్ ప్రవక్తకి వార్త మోసుకొచ్చే పిట్ట అది. ఫరీదుద్దీన్ అత్తార్ కావ్యంలో పిట్టలన్నిటికీ దారి చూపించేది అదే. అలాంటి పిట్ట పేరు చెప్తే ఊరంతా వణికిపోయింది. ఆ బొమ్మ కింద మా ఇద్దరిలో ఒకరు పదహారు లైన్ల కవిత రాశారు. మా వాటిలో బాగా వచ్చిందని మేం అనుకునేది అదొక్కటే.

ఆ పిట్ట బొమ్మ చూసే మమ్మల్ని ప్రదర్శనకి పిలిచారు. ఎవరు పిలిచారో చెప్పం, అక్కర్లేదు. విశాఖ వైవిధ్యం మీద కవితలూ రేఖాచిత్రాలూ, ఒక రోజు పండగలా చేద్దాం అన్నారు. ఆదివాసీ పిల్లల ధింసా బొమ్మలు, మత్స్యకారుల పాటలు, బెంగాలీల పూజ, మా దర్గా ఉరుసు. సంతోషంగానే ఒప్పుకున్నాం. ఇరవై బొమ్మలు పట్టుకెళ్ళాం. మూడు కొండలు, పిట్ట, కళ్ళులేని చేపలావిడ అన్నీ గోడకెక్కాయి. ఒకటి మాత్రం ఎక్కలేదు.

అది టులెట్ బోర్డు బొమ్మ. ఓడల పని మానేశాక అబ్బా ఎక్కువగా రాసింది టులెట్ బోర్డులే. ‘ఇల్లు అద్దెకివ్వబడును’. కొందరు కింద ఇంకో లైను రాయించేవారు, శాకాహారులకు మాత్రమే అని. ఇంకొందరు ఆ లైను రాయించేవారు కాదు, ఇల్లు చూడ్డానికి వెళ్ళి పేరు చెప్పాక చెప్పేవారు. మేం ఇల్లు మారాల్సివచ్చి నెలన్నర తిరిగాం ఒకప్పుడు. ఒక వీధిలో తలెత్తి చూస్తే బోర్డు మీద అక్షరాలు అబ్బావి. ‘ద్ద’ వత్తు కింద ఆయన వేసే చిన్న మెలిక వేరెవరూ వెయ్యరు. లోపలికెళ్ళాం. పేరడిగారు. ‘నిన్ననే అయిపోయిందమ్మా’ అన్నారు. బోర్డు అలాగే ఉంది. బయటికొచ్చి దానికేసి చూసి అబ్బా అన్న మాట, ‘రంగు ఇంకా వెలవలేదు’ అని.

అదే బొమ్మ. గేటు, బోర్డు, కింద నిలబడి పైకి చూస్తున్న ముసలాయన వీపు. కవిత కూడా లేదు దాని కింద, బోర్డు మీద రాసిందే కవిత అనుకున్నాం.

‘ఇది పండగ కదండీ, ఇవాళ ఇదెందుకు?’ అన్నారు నిర్వాహకులు. వాళ్ళూ మంచివాళ్ళే. మా పక్షాన సభల్లో మాట్లాడినవాళ్ళే. అన్నీ మంచి మనసులే ఎదురవుతాయి మాకు, అదే కష్టం! మాలో ఒకరం మిగతా బొమ్మలన్నీ కూడా దించేద్దాం అన్నాం. ఒకరం వద్దన్నాం, వచ్చిన పిల్లలు పిట్టని చూస్తున్నారు కదా అని. చివరికి పిట్టనీ కొండల్నీ ఉంచి, టులెట్ బొమ్మని హాలు బయట టీ కొట్టు దగ్గర చెట్టుకి తాడుతో కట్టాం. హాల్లో కంటే అక్కడే ఎక్కువమంది చూశారు. టీ తాగుతూ చూసి, కొందరు ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. ఒకాయన, ఎస్సీ కాలనీ నుంచి వచ్చానని చెప్పి, ‘ఈ గేటు నాకు తెలుసు’ అన్నాడు. ఒకావిడ మాత్రం మా దగ్గరికొచ్చి ‘మా ఇంటికి కూడా ఇలాగే బోర్డుంది’ అని, ఆ తర్వాతేం చెప్పాలో తెలీక నిలబడిపోయింది. మేమూ ఏం చెప్పలేదు. టీ ఇప్పించాం.

వైవిధ్యాన్ని పండగ చేసుకోవడం మీద మాకు వెటకారం లేదు. గుజరాత్ తర్వాత, ఇన్నేళ్ళ తర్వాత, ఆ పండగ చేసేవాళ్ళు మిగిలినందుకు షుక్రియా చెప్పుకుంటాం. కానీ పండక్కి మా సేమ్యా పాయసం కావాలి, మా ఖవ్వాలీ కావాలి, మా కొండ కావాలి, మా ఇల్లు వెతుక్కోడం మాత్రం వద్దంటే ఎలా? జాషువా 1932లో ‘పిరదౌసి’ రాశాడు. పార్శీ కవికి రాజు చేసిన అన్యాయం గురించి గుంటూరు జిల్లాలో ఊరవతల పుట్టిన కవి పద్యాలు కట్టాడు. ఫిరదౌసి ఊరి మీదా ఆహారం మీదా ముచ్చటపడి కాదు, మాట తప్పిన రాజు సంగతి తనకి తెలుసు కాబట్టి. చెట్టు కింద టీ తాగుతూ ‘ఈ గేటు నాకు తెలుసు’ అన్న మనిషి మాట విన్నప్పుడు మాకు ఆ కావ్యమే గుర్తొచ్చింది.

2021 జనవరిలో ఉక్కు ఫ్యాక్టరీలో ప్రభుత్వ వాటా మొత్తం అమ్మేస్తామని కేంద్రం నిర్ణయించింది. కూర్మన్నపాలెం గేటు దగ్గర దీక్షా శిబిరం వెలిసింది. రిటైరైన మామూ రోజూ వెళ్ళేవాడు. మేమూ రెండుమూడుసార్లు వెళ్ళి కూర్చున్నవాళ్ళ బొమ్మలు గీశాం. ఎండలో హెల్మెట్లు పెట్టుకుని కూర్చున్నారు. బొమ్మలో మామూ ఎక్కడున్నాడో పోల్చుకోవాలంటే మాకే కష్టమైంది.

ఆ బొమ్మలు ఇంటికి తెచ్చి చూపించినప్పుడు అబ్బాకి పాతది గుర్తొచ్చింది. ‘ఓడ బొమ్మ ఏదిరా, స్టీలు గ్లాసు వచ్చింది చూడు, అది’ అన్నాడు. అది ఎప్పుడో చివికిపోయింది. దాన్నే మళ్ళీ వేస్తామన్నాం. ఈసారి పెద్ద కాగితం మీద వేశాం, మూడు చెక్కలు, ముగ్గురు మనుషులు. దాదీ పోయి చాలా ఏళ్ళయింది. మధ్యలో ఉన్నవాణ్ణి మావైపు తిప్పి, ముఖం వేసి, కళ్ళ దగ్గరికొచ్చి ఆగిపోయాం. ఆ ఖాళీ ఖాళీగానే ఉంచి పట్టుకెళ్ళి చూపించాం.

అబ్బా కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూశాడు. ముఖం వైపు చూడలేదు. వేలు తీసుకెళ్ళి ఓడ పక్కనున్న గుండ్రటి గుర్తు మీద పెట్టాడు.

‘ఏటిది, టీ కిందా ఎస్ పైనా ఏసీసేరు? టీ పైనుండాలి, ఎస్ కిందుండాలి. ఇలాగుంటే ఎక్కువ సరుకెక్కించీసి ములిగిపోద్ది. బ్రష్షిలాగియ్యండి.’

ఇచ్చాం. చెయ్యి వణుకుతోంది, ఒక చేత్తో ఇంకో మణికట్టు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, రెండు గీతలూ రెండక్షరాలూ సరిచేశాడు. కాగితం తిరిగిచ్చేశాడు. కళ్ళ సంగతి ఎత్తలేదు. ఆ బొమ్మ ఇంకా బల్ల మీదే ఉంది, మా ఇద్దరికీ కుదిరిన రోజు చూసి వెయ్యాలి.